తొమ్మిదో తరగతికి రాజ్యాంగం నేర్పడం ఎలా?

రాజ్యాంగం ఎప్పుడు అమల్లోకి వచ్చిందని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లల్లో దాదాపు అందరూ 1950 జనవరి 26 అని తడుముకోకుండా చెబుతారు. అదే పిల్లలను, తరగతిలో ఎక్కువమంది చేతులెత్తితే ఏ నియమమైనా చేసుకోవచ్చా అని అడిగి చూడండి. అంతే తడుముకోకుండా చేసుకోవచ్చంటారు. మొదటి జవాబుకు పరీక్షలో మార్కు పడుతుంది. రెండో జవాబు తప్పని వాళ్లకు తెలిసివచ్చే సందర్భం మాత్రం బడిలో సాధారణంగా రాదు. ప్రజాస్వామ్యమంటే చేతుల లెక్క అని, రాజ్యాంగమంటే అధికరణల పట్టిక అని రెండుగా నేర్చుకున్న పిల్లలకు, ఆ లెక్కకు ఎక్కడ హద్దు గీయాలో చెప్పడానికే ఆ పట్టిక పుట్టిందని తెలియజేయడమే మన పని. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకొని, నేను చేసి చూసిన పద్ధతిని వరుసగా రాస్తున్నాను. పన్నెండు పీరియడ్లు, ఒక శనివారం మధ్యాహ్నం, ఊళ్లోకి ఒక ప్రయాణం ఉంటే సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు

ప్రధానోపాధ్యాయుల అనుమతిని మాటగా కాక కాగితం మీద తీసుకోండి. తరగతిలో ఓటింగు జరిగిందనీ, పిల్లలు పంచాయతీకి దరఖాస్తు రాశారనీ ఊళ్లో ఎవరైనా మరో రకంగా చెప్పినప్పుడు ఆ కాగితమే మీకు అండగా నిలుస్తుంది. నేను మొదటి ఏడాది ఈ జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల, సగంలో ఆగిన పనిని మళ్లీ మొదలుపెట్టడానికి నెల రోజులు పట్టింది.

సామగ్రి పెద్దగా అక్కరలేదు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి, చార్టులు నాలుగు, మూతకు చీలిక పెట్టిన అట్టపెట్టె ఒకటి, స్టాంపు ప్యాడు ఒకటి చాలు. నోట్‌బుక్కు అట్ట మీద ‘తరగతి రాజ్యాంగం’ అని రాయించండి. అందులో రాసే చేతిరాత పిల్లలదే అయి ఉండాలి, మీది కాకూడదు.

మొదటి పీరియడు: నియమం ఎవరిది?

పాఠ్యపుస్తకం తెరవకండి. బడిలో ఇప్పుడు అమల్లో ఉన్న నియమాలేమిటో పిల్లల చేత చెప్పించి బోర్డు మీద రాయండి. యూనిఫాం, ప్రార్థన వేళ, బెల్లు కొట్టాక గేటు మూసేయడం, తరగతిలో సెల్‌ఫోను తేకపోవడం వంటివి ఒక పదీ పదిహేను వస్తాయి. ఒక్కొక్క నియమం పక్కనే మూడు ప్రశ్నలకు జవాబు రాయించండి. ఈ నియమం ఎవరు చేశారు? ఇది ఎవరికి వర్తిస్తుంది? దీన్ని మార్చాలంటే ఎవరిని అడగాలి? మూడో ప్రశ్న దగ్గర తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని మీరు మాటలతో పూరించకండి. రెండో ప్రశ్న దగ్గర మాత్రం ఎవరో ఒకరు, సెల్‌ఫోను నియమం సార్లకు వర్తించదా అని మెల్లగా అడుగుతారు. పాఠానికి కావలసిన ద్వారం అదే.

అప్పుడు కాకినాడ ముచ్చట చెప్పండి. 1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడింది. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపకూడదన్నది ఆమెకు అప్పగించిన నియమం. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వస్తే ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడ్డా ఆమె తప్పుకోలేదు. టిక్కెట్టు కొన్న తర్వాతే ఆయన లోపలికి వెళ్లారు. ఆ ఇద్దరూ తర్వాతి కాలంలో రాజ్యాంగ సభలో సభ్యులై ఒకే సభలో కూర్చున్నారు. ఆ రోజు ఆమె వయసు మీ ముందున్న పిల్లల వయసే కాబట్టి, ఈ కథను వాళ్లు దూరంగా నిలబడి వినరు. నియమం పెద్దవాళ్లకూ వర్తిస్తుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండు నుంచి నాలుగో పీరియడు వరకు: తరగతి రాజ్యాంగం

ఇప్పుడు తరగతి తన నియమాలు తాను రాసుకోవాలి. వాళ్ల చేతుల్లో నిజంగా ఉన్న విషయాలనే ఇవ్వండి. బెంచీల మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలి, తరగతి ఎవరు ఊడ్వాలి, నీళ్ల డ్రమ్ము ఎవరు నింపాలి, గ్రంథాలయం పుస్తకాలు ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, ఆటల పీరియడులో బంతి ఎవరి చేతికి ముందు రావాలి వంటివి సరిపోతాయి. పరీక్షల తేదీలు, సిలబసు, హాజరు మన చేతుల్లో లేవని ముందే చెప్పేయండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలు ఎందుకున్నాయో చెప్పడానికి ఈ విభజనే చాలు. మళ్లీ దానికో పీరియడు అక్కర్లేదు.

నియమాలను మొదట చేతులెత్తే పద్ధతిలో, సాధారణ మెజారిటీతోనే చేసుకోనివ్వండి. తప్పు జరిగితే జరగనివ్వండి. నా తరగతిలో 48 మంది ఉండేవారు, అబ్బాయిలు 27, అమ్మాయిలు 21. ఊడ్చే పని ఎవరిదన్న చర్చ వచ్చినప్పుడు, అమ్మాయిలు ఊడ్వాలి, అబ్బాయిలు బెంచీలు జరిపి నీళ్లు తేవాలి అని ఒక అబ్బాయి ప్రతిపాదించాడు. ఓటింగు పెడితే సరిగ్గా 27 చేతులు లేచాయి. నియమం నోట్‌బుక్కులోకి ఎక్కింది. మర్నాడు నేను, ఈ నియమం మీద ఇంకెవరైనా మాట్లాడతారా, కావాలంటే మళ్లీ ఓటింగు పెడదామా అని అడిగాను. మూడో బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, “ఎన్నిసార్లు పెట్టినా వాళ్లు ఇరవై ఏడు మందే కదా సార్” అంది.

నేను ఇన్నేళ్లలో ప్రాథమిక హక్కుల గురించి విన్న వివరణల్లో అంత సూటిగా ఉన్నది మరొకటి లేదు. ఏ పనిచేసినా మారని మెజారిటీ ఒకటి ఉన్నచోట, ఓటు ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ మాటను బోర్డు మీద రాయించి, దాని కింద 14వ, 15వ అధికరణలను చదివించాను. చట్టం ముందు అందరూ సమానమేననీ, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా రాజ్యం ఎవరి పట్లా వివక్ష చూపకూడదనీ ఉన్న ఆ వాక్యాలు, ముందురోజు చదివిస్తే కేవలం వాక్యాలుగానే ఉండేవి. ఆ రోజు మాత్రం చీపురు ఎవరి చేతిలో ఉండాలన్న గొడవకు తీర్పుగా వినిపించాయి. ఆ తర్వాత తరగతి తన నోట్‌బుక్కు మొదటి పేజీలో ఒక నియమం చేర్చుకుంది: పుట్టుకతో వచ్చిన కారణం చూపి ఎవరికీ పని అప్పగించకూడదు, ఎవరినీ పని నుంచి తప్పించకూడదు. ఊడ్చే పని హాజరు పట్టీ వరుస ప్రకారం రోజుకు నలుగురి వంతుకు వచ్చింది.

మీ తరగతిలో ఇలాంటి నియమం దానంతట అది రాకపోవచ్చు. అలాంటప్పుడు మీరే కల్పించకండి. వెనుక బెంచీవాళ్ల మీదో, ఆలస్యంగా వచ్చే పక్క ఊరి బస్సు పిల్లల మీదో ఏదో ఒక భారం మోపే నియమం తప్పకుండా వస్తుంది. దాన్ని పట్టుకోండి.

తర్వాతి అడుగు సవరణ విధానం. మన 368వ అధికరణ ప్రకారం సవరణ బిల్లు నెగ్గాలంటే, ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించినవారు ఒప్పుకోవాలి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఒప్పుకోవాలి. ఈ రెండు షరతులు పిల్లలకు గజిబిజిగా అనిపిస్తాయి కనుక వాళ్ల సంఖ్యతోనే లెక్క వేయించండి. 48 మంది తరగతిలో 33 మందే వచ్చి ఓటు వేసిన రోజున మూడింట రెండు వంతులంటే 22. కానీ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి కాబట్టి 25 ఓట్లు పడాల్సిందే. 45 మంది వచ్చిన రోజున 25 చాలవు, 30 కావాలి. సగంమంది రాని రోజు చూసి నియమం మార్చేసే ఎత్తుగడను మొదటి షరతు ఆపుతుంది. అందరూ వచ్చినా బొటాబొటి ఆధిక్యంతో మార్చేయడాన్ని రెండో షరతు ఆపుతుంది. ఇది లెక్కల పీరియడేమోనని ఒకడు నన్ను ఎగతాళి చేశాడు గానీ, పరీక్షలో ఆ ప్రశ్నకు అందరికంటే చక్కగా రాసిందీ వాడే.

ఎవరో ఒకరు ఇంకో ప్రశ్న వేస్తారు. మూడింట రెండు వంతులు వస్తే మొదటి పేజీ నియమాన్ని కూడా కొట్టేయవచ్చా? ఇక్కడ కేశవానంద భారతి కేసు చెప్పాలి. 1973 ఏప్రిల్ 24న, సుప్రీంకోర్టులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6 ఆధిక్యంతో, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని, అంటే దానికి పునాదిగా ఉన్న సూత్రాలను, దెబ్బతీయరాదని తీర్పు చెప్పింది. ఒక్క ఓటు తేడాతో వచ్చిన తీర్పు అని చెప్పినప్పుడు, అయితే అదీ చేతుల లెక్కే కదా అని పిల్లలు పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదని ఒప్పుకోవడం వల్ల ఉపాధ్యాయుడికి నష్టమేమీ లేదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. తరగతి చేసుకున్న నియమానికి మీరూ కట్టుబడాలి. ఐదు నిమిషాలకు మించి ఆలస్యమైనవారి పేరు బోర్డు మూల రాయాలని మా తరగతి నియమం. ఒక సోమవారం బస్సు ఆలస్యమై నేను పది నిమిషాలు తర్వాత వచ్చాను. నాయకుడు సుద్దముక్క పట్టుకొని అటూ ఇటూ చూస్తున్నాడు. నేనే తీసుకొని నా పేరు రాశాను. ఆ రోజు పాఠం ఏమిటో ఇప్పుడు నాకే గుర్తులేదు. ఆ పిల్లలు ఎక్కడ కనిపించినా ఆ పేరు గురించే చెబుతారు.

ఐదో పీరియడు: ప్రవేశిక

ప్రవేశికను ప్రార్థనలో రోజూ చదివించే బడులు చాలా ఉన్నాయి. కంఠస్థం చేయడం తప్పు కాదు, అక్కడితో ఆగిపోవడమే లోపం. రెండు చార్టులు పక్కపక్కన పెట్టండి. ఒకదాని మీద 1949 నవంబరు 26న ఆమోదించిన పాఠం, మరోదాని మీద ఇప్పటి పాఠం రాయించి, తేడా ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన సామ్యవాద, లౌకిక అన్న మాటలు త్వరగా దొరుకుతాయి. దేశ ఐక్యత పక్కన చేరిన సమగ్రత అన్న మాట ఆలస్యంగా దొరుకుతుంది. ఆ తర్వాత, ప్రవేశికలో కర్త ఎవరని తెలుగు వ్యాకరణం అడిగినట్టు అడగండి. ‘మేము’ అన్న జవాబు వస్తుంది. రాజు కాదు, పార్లమెంటు కాదు, రాసిన సంఘమూ కాదు. ఆ ‘మేము’లో ఎవరెవరున్నారో జాబితా రాయమంటే, తమ తల్లి పేరు రాయడానికి సందేహించిన పిల్లలు నాకు కనిపించారు.

రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమైందనీ, డాక్టర్ అంబేడ్కర్ అధ్యక్షుడిగా ముసాయిదా సంఘం 1947 ఆగస్టు 29న ఏర్పడిందనీ, సభలో 15 మంది మహిళలున్నారనీ, టంగుటూరి ప్రకాశం, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఎన్.జి.రంగా, నీలం సంజీవరెడ్డి వంటి తెలుగువారు సభ్యులుగా ఉన్నారనీ ఒక్క చార్టులో పెడితే చాలు. తేదీల మీద ఎక్కువసేపు ఆగకండి.

ఆరు, ఏడు పీరియడ్లు: ఒక కేసు, రెండు పక్షాలు

హక్కులను జాబితాగా చెబితే పిల్లలు ఆరు పేర్లు అప్పజెబుతారు. ఒక కేసుగా చెబితే వాదిస్తారు. బడిలో జరిగిన కేసు అయితే మరీ మంచిది. నేను ఎంచుకునేది బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడ్డారు గానీ, తమ మత విశ్వాసం ఒప్పుకోదంటూ గొంతు కలపలేదు. బడి వాళ్లను పంపించేసింది. హైకోర్టులో ఓడిపోయి, వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

తీర్పు ఏమిటో చెప్పకుండా ఇక్కడ ఆపండి. చీట్లు వేసి తరగతిని మూడు భాగాలు చేయండి. ఒక భాగం బడి తరఫున, ఒక భాగం పిల్లల తరఫున వాదించాలి, మూడో భాగం న్యాయమూర్తులుగా కూర్చోవాలి. ఎవరు ఏ పక్షమో చీటీయే నిర్ణయించాలి. తమకు నచ్చిన పక్షాన్ని ఎంచుకోనిస్తే ఇంట్లో విన్న మాటలే వినిపిస్తాయి. న్యాయమూర్తులు తీర్పును కారణాలతో సహా రాయాలన్నది నియమం. నాకు న్యాయమనిపించింది అన్న ఒక్క వాక్యాన్ని అంగీకరించకండి, ఏ అధికరణ ప్రకారమో చూపించమనండి. రెండో రోజు వాదించినవాళ్ల పక్షాలు తారుమారు చేయండి. ముందురోజు ఎదుటివారిని గేలి చేసినవాడు అదే మాట తాను చెప్పవలసి వచ్చినప్పుడు గొంతు మారుతుంది.

అంతా అయ్యాక అసలు తీర్పు చెప్పండి. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు, జాతీయగీతం పాడి తీరాలని నిర్బంధించే చట్టం ఏదీ లేదనీ, లేచి నిలబడటంలోనే గౌరవం ఉందనీ, పిల్లలను బడి నుంచి తీసేయడం 19వ అధికరణలోని భావ ప్రకటన స్వేచ్ఛకూ 25వ అధికరణలోని మత స్వేచ్ఛకూ విరుద్ధమనీ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచబరచవద్దు అన్న అర్థం వచ్చే మాటలతో ఆయన ముగించారు. తీర్పు నచ్చని పిల్లలుంటారు. ఉండనివ్వండి. తీర్పును గౌరవిస్తూనే విమర్శించవచ్చని చెప్పడం కూడా ఈ పాఠంలో భాగమే.

సమయం మిగిలితే ఉన్నికృష్ణన్ కేసును పది నిమిషాల్లో చెప్పవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆ కేసులో సుప్రీంకోర్టు 1993లో, 14 ఏళ్ల వరకు ఉచిత విద్య జీవించే హక్కులో భాగమేనంది. 2002లో 86వ సవరణతో 21ఏ అధికరణ చేరింది, దానిని అనుసరించిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. తీర్పు, సవరణ, చట్టం, తాము కూర్చున్న బెంచీ అనే గొలుసును పిల్లల చేత గీయిస్తే చాలు.

ఎనిమిది నుంచి పదో పీరియడు వరకు: ఎన్నిక

తరగతి నాయకుడి ఎన్నిక చాలా బడుల్లో జరుగుతుంది. మొదటి ర్యాంకు వచ్చినవాణ్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించడం ఎన్నిక కాదు. మనలో చాలామంది ప్రిసైడింగ్ అధికారులుగా పనిచేసినవాళ్లమే. ఎన్నిక ముందురోజు రాత్రి పోలింగు కేంద్రంలో పడుకొని, తెల్లవారుజామున ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరిపి, లెక్క సరిపోయిందని చూపించి, ఆ ఓట్లు చెరిపేసి యంత్రానికి సీలు వేసిన అనుభవం మనకుంది. అంత నిక్కచ్చి ఎందుకో పిల్లలకు చెప్పగలిగింది మనమే. ఓడినవాడు కూడా ఫలితాన్ని నమ్మాలి. అందుకే అంత తతంగం.

క్రమం ఇలా ఉండాలి. నామినేషన్లకు ఒక రోజు, పరిశీలనకు ఒక రోజు, ఉపసంహరణకు ఒక రోజు ఇవ్వండి. ప్రతి అభ్యర్థినీ ఒకరు ప్రతిపాదించాలి. ప్రచారంలో చాక్లెట్లు పంచరాదు, కులం పేరు ఎత్తరాదు, పోలింగుకు ముందురోజు ప్రచారం ఆపేయాలి. ఓటర్ల జాబితాను పిల్లలే తయారుచేసి రెండు రోజులు గోడకు అంటించి, పేరు తప్పిపోయినవాళ్లు ఫిర్యాదు చేసుకోవడానికి గడువు ఇవ్వాలి. 1951–52 మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలో, తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే నమోదైన దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లను అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదన్న సంగతి చెప్పడానికి ఇదే సరైన సమయం. సొంత పేరుకూ ఓటుకూ ఉన్న సంబంధం ఆడపిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఓటు రహస్యంగా ఉండాలంటే చేతిరాత కనిపించకూడదు. పేరు రాసి పెట్టెలో వేయమంటే ఎవరిదో మనకే కాదు, పక్కవాడికీ తెలిసిపోతుంది. అందుకని పేర్లు, గుర్తులు ఉన్న బ్యాలెట్ చీటీలు తయారుచేసి, అడ్డంగా కోసిన బెండకాయను స్టాంపు ప్యాడు మీద అద్ది ముద్ర వేయించండి. అందరి ముద్రా ఒకే పువ్వులా పడుతుంది. చీటీని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమనండి. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా ఇంకో అభ్యర్థి గడిలో అంటుకుంటుంది, లెక్కింపులో తగాదా వస్తుంది. ఎడమ చేతి చూపుడు వేలికి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. ఏ ఓటు చెల్లుతుందో, ఏది చెల్లదో లెక్కింపుకు ముందే రాసుకోండి. సమానంగా ఓట్లు వస్తే మన చట్టంలో ఉన్నట్టే చీటీ తీయండి.

ఫలితం వచ్చాక అసలు పాఠం మొదలవుతుంది. మా తరగతిలో నలుగురు నిలబడితే ఓట్లు 17, 14, 11, 6గా చీలాయి. గెలిచిన అమ్మాయికి ఓటు వేయనివారు 31 మంది. ఆమె 17 మందికి నాయకురాలా, 48 మందికా అని అడిగాను. ఓడినవాళ్లు ఏం చేయాలని కూడా అడిగాను. ప్రశ్నించాలని 14 ఓట్లు వచ్చిన అబ్బాయి అన్నాడు. అందుకే ప్రతి శుక్రవారం చివరి పదిహేను నిమిషాలు ప్రశ్నల సమయంగా పెట్టుకున్నాం. నాయకురాలికి చేయడానికి నిజమైన పని, ఖర్చుపెట్టడానికి నెలకు యాభయ్యో వందో రూపాయలు ఇచ్చి, లెక్క గోడకు అంటించమనండి. అధికారమూ జవాబుదారీతనమూ లేని నాయకత్వం కోసం ఎన్నిక పెట్టడం పిల్లల సమయం వృథా చేయడమే.

ఊళ్లోకి ఒక ప్రయాణం

ఈ ప్రయాణం గ్రామసభకు. అందులో ఊరి ఓటర్లందరూ సభ్యులే. అంటే మన పిల్లలు సభ్యులు కారు, చూడటానికి మాత్రమే వెళ్తారు. ఈ తేడాను ముందే చెప్పండి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో తేదీలు పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. ప్రతి విద్యార్థికీ ఒక్కొక్క అంశం గమనించే పని అప్పగించండి: ఎంతమంది వచ్చారు, అందులో మహిళలెంతమంది, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, తీర్మానం ఎవరు చదివారు, ఎవరు సంతకం పెట్టారు. సభ పేరుకు జరిగి కాగితం మీద ముగిసిపోయినా పాఠానికి నష్టం లేదు. పిల్లలు చూసింది చూసినట్టు రాస్తే చాలు, వ్యాఖ్యానం వద్దు.

తిరిగి వచ్చాక సమాచార హక్కు దరఖాస్తు రాయించండి. ప్రశ్న అడగడంలోనే అంతా ఉంది. మా పిల్లలు మొదట, ‘మా ఊళ్లో నీళ్లు ఎందుకు బాగుండవు?’ అని రాశారు. చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారాన్నే, సంజాయిషీని కాదు. రెండోసారి, ‘గత ఆరు నెలల్లో పంచాయతీ మంచినీటి ట్యాంకును శుభ్రం చేసిన తేదీలు, ఆ రిజిస్టరు పేజీల నకలు ఇప్పించగలరు’ అని రాశారు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర లేదు. దరఖాస్తును పంచాయతీ పౌర సమాచార అధికారి పేరిట రాయాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. సమాధానానికి గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవాలి. దరఖాస్తుకు ఇంత వయసు ఉండాలని చట్టం అనలేదు గానీ, పిల్లల పేర్లు బయటికి రాకుండా తల్లిదండ్రుల్లో ఒకరి సంతకంతో పంపడం మంచిది. మర్యాద తప్పిన మాట ఒక్కటీ లేకుండా, వెనక్కి తగ్గే మాట ఒక్కటీ లేకుండా రాసిన కాగితం ఎలా ఉంటుందో పిల్లలు మొదటిసారి చూస్తారు.

పదకొండో పీరియడు: విధులు

పౌరుడి విధులేమిటని అడిగితే ఓటు వేయడం, పన్ను కట్టడం అని ముందుగా చెబుతారు. 51ఏ అధికరణ తెరిచి వెతకమనండి. అక్కడున్న పదకొండు విధుల్లో ఆ రెండూ లేవు. 1976లో పది విధులు చేర్చినప్పుడు పన్ను కట్టడాన్ని కూడా చేర్చాలని స్వరణ్ సింగ్ కమిటీ సూచించినా అది ఆమోదం పొందలేదు. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించుకోవడం మాత్రం ఆ జాబితాలో ఉంది. పుస్తకంలో వెతికి సొంత జవాబు తప్పని తెలుసుకోవడమే ఆ విధిని పాటించడం కనుక ఈ పీరియడు నాకిష్టం. పదకొండోది 2002లో చేరింది: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. విధులను హక్కులకు షరతుగా బోధించకండి. హోంవర్కు చేయనివాడికి మాట్లాడే హక్కు లేదన్న మాట ఉపాధ్యాయుల నోట అలవాటుగా వస్తుంది. ఆ విధులను ఉల్లంఘిస్తే శిక్ష వేయమని ఆ అధికరణ అనలేదు. హక్కుల అధ్యాయానికేమో న్యాయస్థానం తలుపు తట్టే 32వ అధికరణ ఉంది. ఈ తేడా చెప్పకపోతే పౌరసత్వ పాఠం క్రమశిక్షణ పాఠంగా మారిపోతుంది.

పార్టీ పేర్లు వచ్చినప్పుడు

తప్పకుండా వస్తాయి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు సర్వీసు నియమాలున్నాయి, అవి లేకపోయినా నలభై ఇళ్ల పిల్లల ముందు మన ఓటు చెప్పుకోవడం సరికాదు. అలాగని నోరు మూయించకండి. ఫలానా పథకం మా పార్టీ తెచ్చిందని ఒకరంటే, అది ఏ చట్టం కిందో జీవో కిందో వచ్చింది, డబ్బు ఏ బడ్జెట్టులోది, అర్హులెవరు, అందకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి అని అడగండి. నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి పార్టీ వెనక్కి వెళ్లి, కార్యాలయం పేరు ముందుకొస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన వార్త చెప్పినవాడికి మాత్రం ఒకే షరతు: మొదట ఎవరు చెప్పారో కనుక్కొని రేపు చెప్పాలి.

చివరి పీరియడు: మార్కులు, నోట్‌బుక్కు

అధికరణల సంఖ్యలు అడిగే ప్రశ్న ఒక్కటి చాలు. మిగతావి ఇలా ఉండాలి: ‘నీ తరగతిలో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నా చేయకూడని నియమం ఒకటి రాసి, ఎందుకు చేయకూడదో చెప్పు.’ ‘నీకు నచ్చని ఒక నియమాన్ని మార్చడానికి ఎవరికి, ఏ క్రమంలో దరఖాస్తు చేస్తావు?’ ‘నువ్వు ఒప్పుకోని అభిప్రాయాన్ని, దాన్ని నమ్మేవాడు మెచ్చుకునేలా ఐదు వాక్యాల్లో రాయి.’ మూడో ప్రశ్నకే ఎక్కువ మార్కులు పెట్టండి, దానికే జవాబు రాయడం కష్టం.

ఏడాది చివర నోట్‌బుక్కును కింది తరగతివారికి అప్పగించాలి. కొత్తవాళ్లు జూన్‌లో దాన్ని చదివి, ఏ నియమం ఉంచుకోవాలో, ఏది సవరించాలో సవరణ విధానం ప్రకారం తేల్చుకుంటారు. మా నోట్‌బుక్కు ఇప్పుడు మూడో ఏటి పిల్లల చేతికి వెళ్లింది. ఆలస్యం నియమం ఐదు నిమిషాల నుంచి పదికి మారింది, బంతి నియమాన్ని కొట్టేశారు. మొదటి పేజీని ఇంతవరకు ఎవరూ ముట్టలేదు. ఈ ఏడాది అబ్బాయిలు 19 మంది, అమ్మాయిలు 26 మంది.